పేడ బూడిదను చూడడానికి బళ్ళారి దాకా

అనంతపురం, గుంతకల్లు వైపు నుంచి హంపికి పోయే తెలుగువాళ్ళలో చాలామంది బళ్ళారి దాటి హోస్పేట రోడ్డెక్కుతారు. ఆ దారిలో కుడతిని దగ్గర, రోడ్డు పక్కనే ఒక బూడిద దిబ్బ ఉంది. విరూపాక్షుడి గోపురాన్నీ విఠలాలయం ముందరి రాతిరథాన్నీ పొద్దుండగానే చూసెయ్యాలన్న తొందరలో ఉన్నవాళ్ళకు అది కంటికి ఆనదు. ఆనినా, రోడ్డు పనికి తెచ్చి పోసి మరిచిపోయిన మట్టికుప్ప అనుకుంటారు. విజయనగరానికి పునాదిరాయి పడేనాటికే ఇలాంటి దిబ్బల వయసు మూడు వేల ఏళ్ళ పైమాట. వాటిని పోగు చేసినవాళ్ళకు లిపి లేదు, ఇనుము తెలియదు. పశువుల మందలు, నల్లరాతి గొడ్డళ్ళు, చేత్తో చేసిన కుండలు, ఉలవలు, పెసలు, కొన్ని చిరుధాన్యాలు వాళ్ళ ఆస్తి.

"అక్కడ చూడడానికేముంది?" అన్న ప్రశ్న నాకు ఇంట్లోనూ బయటా ఎదురవుతూనే ఉంటుంది. అది అడగదగిన ప్రశ్నే. స్కాట్లాండుకు ఉత్తరాన ఆర్కనీ దీవుల్లో స్కారా బ్రే అనే చరిత్రపూర్వపు ఊరొకటి ఉంది. అక్కడ గోడలతో పాటు మంచాలూ అలమరలూ కూడా రాతివే. శతాబ్దాల పాటు ఇసుక కింద ఉండి, 1850లో వచ్చిన తుఫానుకు బయటపడ్డాయి. కాబట్టి అక్కడికి వెళ్ళినవాడికి ఇల్లు ఇల్లులాగే కనబడుతుంది. దక్కనులో నవీన శిలాయుగపు (సేద్యం, పశుపోషణ నేర్చిన రాతియుగపు చివరి దశ) ఊళ్ళకు ఆ భాగ్యం లేదు. ఇక్కడి గుడిసెలకు అడుగున గుండ్రంగా పేర్చిన రాళ్ళు, వాటి మీద తడిక గోడలు, తడిక మీద మట్టి పూత, పైన గడ్డి. అన్ని వేల వానాకాలాలకు తడిక ఎక్కడ నిలుస్తుంది? చరిత్రపూర్వపు ఊరిని ఒక కట్టడంగా చూడబోయినంత కాలం అది మన కంటికి కనబడదు, కనబడనిదాన్ని మనం కాపాడుకోనూ లేమన్నది నా వాదన. దాన్ని పనులు జరిగిన చోటుగా చూడాలి. ఆ పనులు ఎంత మేర పరుచుకుని ఉంటే ఊరు అంత మేర ఉన్నట్టు లెక్కపెట్టాలి. చూడడానికీ, చట్టం రాసుకోవడానికీ ఈ ఒక్క లెక్కే పనికొస్తుంది.

కుడతిని దిబ్బనే తీసుకుందాం. ఇలాంటి దిబ్బలను బళ్ళారి, రాయచూరు, కొప్పళ, యాదగిర్ ప్రాంతాల్లోనూ, ఇటు అనంతపురం, కర్నూలు, పాలమూరు వైపునా కలిపి వందకు పైగా గుర్తించారు. వాటిలో పెద్దవాటిలో ఇదొకటి. దూరం నుంచి ఒకే ముద్దలా ఉన్నా, తెగిన పక్కకు ఎదురుగా నిలబడి చూస్తే పొరలు తెలుస్తాయి. ముందు తెలుపు కలిసిన బూడిదరంగు మెత్తని పొర. దాని మీద, బట్టీలో మరీ కాలి ముద్దకట్టిన ఇటుకలా, బుడగలు బుడగలుగా కరిగి గడ్డకట్టిన పొర. మళ్ళీ మెత్తనిది, మళ్ళీ గట్టిది. మెత్తని పొరకు వేలు తగిలితే చాలు, పొడి రాలి వేలి గీతల్లోకి ఎక్కుతుంది; నొసట రాసుకుంటే విభూతి కాదని ఎవరూ అనరు. గట్టి పొరను గీరబోతే గోరే అరుగుతుంది. కిందపడ్డ గడ్డ ఒకటి చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి తగ్గ బరువుండదు, విరిగిన అంచు మాత్రం గాజులా మెరుస్తుంది.

ఈ బూడిద ఎక్కడిదన్న ప్రశ్నకు చెప్పిన జవాబుల చరిత్ర దిబ్బ చరిత్రకు తీసిపోదు. 19వ శతాబ్దం మొదటి సగంలో మద్రాసు సైన్యపు అధికారి కెప్టెన్ న్యూబోల్డ్ ఇక్కడ తిరుగుతున్నప్పుడు ఆయనకు దొరికిన కథ, ఇది భీముడు చంపిన హిడింబాసురుడి చితాభస్మం అని. హంపి దగ్గర నింబాపురంలో ఉన్న దిబ్బను ఇప్పటికీ వాలిని దహనం చేసిన చోటుగా చెబుతారు. కిష్కింధ పక్కనే కదా, కథ చక్కగా అతుకుతుంది. తెల్లదొరలు మన పురాణాలను నమ్మలేదు గాని, తమ పురాణాలు తాము కట్టుకున్నారు. ఒకరు అగ్నిపర్వతపు బూడిద అన్నారు, ఇంకొకరు యుద్ధం తర్వాత జరిగిన సామూహిక దహనాలన్నారు, సతీసహగమనాలన్నారు, బలులన్నారు. రాక్షసుడో, వానరరాజో, సైన్యమో ఎవరో ఒకరు కాలితే తప్ప ఇంత బూడిద మిగలదని అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. అది పశువుల పేడ అని తేల్చి చెప్పడానికి భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రావలసి వచ్చింది. 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో చేతిగొడ్డలిని గుర్తించి, భారతదేశపు రాతియుగ అధ్యయనానికి నాంది పలికినవాడు ఆయనే. ఆయన మాటను కూడా చాలాకాలం అందరూ ఒప్పుకోలేదు. ఎద్దుల బండ్లూ పిడకల పొయ్యిలూ ఊరూరా ఉన్న దేశంలో ఇంత స్పష్టమైన సంగతి అంత ఆలస్యంగా తేలడానికి కారణం నా దృష్టిలో ఒకటే: పేడకు కథలో చోటివ్వడం ఎవరికీ ఇష్టం లేదు.

ఆ తగాదా తీర్చిన తవ్వకం తెలంగాణలో జరిగింది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ తాలూకాలోని ఉట్నూరు అది. ఆదిలాబాదు ఉట్నూరు కాదు, ఈ రెండింటినీ కలిపేసినవాళ్ళను నేను చూశాను. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ అక్కడి దిబ్బను తవ్వించినప్పుడు, పశువుల దొడ్డి చుట్టూ వరసగా కొయ్య గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. దొడ్డి కాలింది, దాని మీదే మళ్ళీ కట్టారు, మళ్ళీ కాలింది. బూడిద పొరల మధ్య పశువుల గిట్టల గుర్తులు అచ్చుపోసినట్టు నిలిచి ఉన్నాయి. నిప్పు చల్లారి, బూడిద మీద వాన పడి మెత్తబడ్డాక మంద దాని మీదుగా నడిచి ఉంటుంది. అదే కాలంలో జూనర్ అనే శాస్త్రవేత్త బళ్ళారి దిబ్బల నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించి, గడ్డి మేసిన పశువుల పేడ కాలితే మిగిలేదే ఇది అని నిర్ధారించారు. హిడింబాసురుడికి అప్పుడు గాని విముక్తి కలగలేదు.

పేడ అని తేలాక అసలు ప్రశ్న మొదలైంది. అంత పేడను ఎందుకు కాల్చారు? రాయలసీమ రైతుకు ఈ ప్రశ్న వెంటనే తడుతుంది. చేలో గొర్రెల మంద పెట్టించుకోవడానికి కాపరులకు డబ్బో గింజలో ఇచ్చే నేల మనది. పెంటదిబ్బకు నిప్పు పెట్టేవాణ్ణి ఊరంతా పిచ్చివాడంటుంది. సంక్రాంతి, హోలీ, దీపావళి వంటి మంటల పండుగల్లో ఇప్పటికీ కనిపించే ఒక పాత ఆచారపు మొదటి రూపం ఇక్కడ ఉందని ఆల్చిన్ అనుకున్నారు. భోగి మంటలో పిడకల దండలు వేసి పెరిగినవాడికి ఆ ఊహ వెంటనే నచ్చుతుంది, నచ్చినంత మాత్రాన నిజమైపోదు. తర్వాత పుణె దక్కన్ కాలేజీకి చెందిన పురావస్తు శాస్త్రవేత్త కాట్రగడ్డ పద్దయ్య కర్ణాటకలోని బూదిహాళ్‌లో విస్తారంగా తవ్వి, దొడ్డిని ఆనుకునే ఇళ్ళుండేవని, పశువులను కోసి పంచుకున్న చోటు కూడా అక్కడే ఉందని చూపించారు. దొడ్డి పోగులను శుభ్రం కోసమే కాల్చి ఉంటారన్న వాదం దాంతో బలపడింది. ఇంకొందరు ఆ దిబ్బలను తరాల తరబడి కావాలనే ఎత్తు పెంచుతూ పోయిన స్మారకాలుగా చదువుతున్నారు. నా మొగ్గు ఈ చివరివాళ్ళ వైపు. కసువు ఊడ్చి కాల్చుకునేవాడు దాన్ని దూరంగా, పలచగా పారబోస్తాడు. ఒకేచోట, పొర మీద పొర, తాత పోసిన చోటనే మనవడు పోస్తూ పోడు. ఆ మంట రాత్రిపూట మైళ్ళ దూరం కనబడి ఉంటుంది. పక్క మందలవాళ్ళకు అది మా దగ్గర ఇన్ని పశువులున్నాయని చాటింపు వేసినట్టే. గోపురం చేసే పనీ అదే గదా. ఆ లెక్కన దక్కనులో మనుషులు కలిసి ఎత్తు కట్టిన తొలి కట్టడాలు ఇవేననడానికి నేను వెనుకాడను.

దిబ్బ ఊరిలో ఒక మూల మాత్రమే. మిగతా ఊరు ఎలా ఉండేదో చూడాలంటే బళ్ళారి పొలిమేరలకు రావాలి. సంగనకల్లు, కప్పగల్లు ఊళ్ళ మధ్య నల్లగా, ఎర్రగా బండలు పేర్చినట్టుండే కొండల గుంపు ఉంది. సన్నరాచమ్మ గుడ్డ, హిరేగుడ్డ వాటిలో ముఖ్యమైనవి (గుడ్డ అంటే కన్నడంలో కొండ). ఫుట్ ఈ ప్రాంతపు పనిముట్లను 1870ల్లోనే పోగు చేశారు. 1940ల్లో పురావస్తు శాస్త్రవేత్త బెండపూడి సుబ్బారావు ఇక్కడ తవ్వి, రాతియుగం నుంచి పై కాలాలకు వచ్చే వరసను మొదటిసారి పొరల ఆధారంతో నిలబెట్టారు. 1960ల్లో మళ్ళీ తవ్వకాలు జరిగాయి. 1990ల చివరి నుంచి రవి కోరిశెట్టర్, నికోల్ బోయివిన్, డోరియన్ ఫుల్లర్ బృందం చేసిన పని వల్ల ఈ ఊరి గురించి మనకు తెలిసింది ఎన్నో రెట్లు పెరిగింది. సన్నరాచమ్మ గుడ్డ మీద అడుగున బూడిద, దాని మీద ఇళ్ళ నేలలు. అంటే మొదట మందలు ఆగిన చోటు తర్వాత కాలంలో ఏడాది పొడుగునా మనుషులుండే ఊరయింది. క్రీ.పూ. 1200 ప్రాంతానికి ఆ కొండ మీది ఊళ్ళు ఖాళీ అయిపోయాయి.

పైకి ఎక్కడానికి దారి అంటూ ప్రత్యేకంగా లేదు. గొర్రెలు పోయే బాట పట్టుకుని, సర్కారు తుమ్మ ముళ్ళు తప్పించుకుంటూ, బండల సందుల్లోంచి పోవాలి. సగం దూరం ఎక్కేసరికి కాలి కింద చప్పుడు మారుతుంది. అంతవరకూ గ్రానైటు ఇసుక కరకర. ఇక్కడి నుంచి నల్లని పెచ్చుల టకటక. హిరేగుడ్డను చీల్చుకుని వచ్చిన డోలరైట్ అనే నల్లరాతి చాలు నుంచి దిమ్మలు విరిచి, వాటిని చెక్కి గొడ్డళ్ళు చేసిన చోటు అది. ఒక రాతి ఆవరణ లోపల కూర్చుని పని చేసిన జాడలు, చెక్కుడులో రాలిన పెచ్చుల కుప్పలు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఒక ఊరి అవసరానికి మించిన ఉత్పత్తి అది. ఇక్కడ తయారైన గొడ్డళ్ళు చుట్టుపట్ల ఊళ్ళకు వెళ్ళి ఉండాలి. మనం సాధారణంగా రాతియుగం అనగానే ఎవడికి వాడు రాయి ఏరుకుని పదును పెట్టుకునే అడవిమనిషిని ఊహించుకుంటాం. ఇక్కడ ఉన్నది కార్ఖానా. దిమ్మ తీసేచోటు వేరు, చెక్కేచోటు వేరు, నూరేచోటు వేరు.

నూరిన చోట్లను నేను ఎక్కువసేపు చూశాను. గ్రానైటు బండ మీద మూరెడు పొడుగున, అరచేయి పట్టేంత వెడల్పున, పడవ అడుగులా వంపు తిరిగిన గాడులు ఉంటాయి. కొన్నిచోట్ల ఒకదాని పక్కన ఒకటి, ఇద్దరు ముగ్గురు ఎదురెదురుగా కూర్చుని మాటలాడుకుంటూ నూరడానికి వీలుగా. చుట్టూ బండ గరుకుగా, అరచేతిని కోసుకునేలా ఉంటుంది. గాడిలోకి వేలు జారగానే పాలరాయి తగిలినట్టు నునుపు. నల్లరాతిని చెక్కడం కొద్దిసేపటి పనే, సుత్తిరాయితో పొడిచి ఎత్తుపల్లాలు సరిచేయడం దానికన్నా కొంచెం ఎక్కువ. ఇసుకా నీళ్ళూ పోసి నూరడం మాత్రం గంటల తరబడి సాగుతుంది. ఇలా ఒక గాడి ఏర్పడడానికి ఎన్ని గొడ్డళ్ళు నూరి ఉంటారో, ఎన్ని చేతులు మారి ఉంటాయో! కోటగోడ మీద రాజు పేరుంటుంది గాని రాళ్ళెత్తినవాళ్ళ శ్రమ ఆ గోడ ఎత్తులో కలిసిపోతుంది. ఈ గాడిలో శ్రమ తప్ప మరేమీ లేదు. అందుకే నాకు హంపి రాతిరథం కన్నా ఇది విలువైనదిగా కనబడుతుంది. శిల్పకళాభిమానులు నన్ను మన్నించాలి.

నేను బండ మీద వంగి చూస్తుండగా గొర్రెలు తోలుకొచ్చిన పెద్దాయన ఒకరు కాసేపు నిలబడి, "ఏం సార్, నిధి ఏమన్నా ఉండాదా?" అన్నారు. వెటకారం కాదు. గుప్తనిధుల పిచ్చితో రాత్రిళ్ళు గుళ్ళూ గుట్టలూ తవ్విపోసేవాళ్ళను సీమ అంతటా చూస్తూనే ఉన్నాం, బళ్ళారి అందుకు మినహాయింపు కాదు. "లేదు పెద్దాయనా, పాతకాలపు గొడ్డళ్ళు నూరిన గుర్తులు చూస్తున్నా" అన్నాను. ఆయన కాసేపు నమ్మలేదు. తర్వాత, "అట్లయితే మోగే రాళ్ళు చూసినారా?" అని, ఇంకో పక్కకు తీసుకుపోయి, నున్నగా గుంట పడిన ఒక నల్లబండ మీద గులకరాయితో కొట్టారు. గంట మోగినట్టు ఖంగుమంది. పక్కబండ మీద కొడితే ఇంకో స్వరం. "చిన్నప్పుడు గొర్లు మేపుకుంటా ఇవే కొట్టేవాళ్ళం" అన్నారు. ఆ గుంటలు ఒక్క తరం పిల్లలు కొడితే పడేవి కావు. బండల మీద పొడిచి గీసిన మూపురపు ఎద్దుల బొమ్మలకు దగ్గరలోనే ఈ మోగే రాళ్ళు ఉండడాన్ని బట్టి, నవీన శిలాయుగపు వాళ్ళకు బొమ్మా మోతా కలిసిన ఏదో తంతు ఉండేదని పురావస్తు శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. కొన్ని బొమ్మలు మనిషి నిలబడడానికి చోటు లేని ఎత్తుల్లో ఉన్నాయి. గీసినవాడు వేలాడుతూ గీసి ఉండాలి. ఎద్దులు పొడుగు కొమ్ములతో, బలమైన మూపురాలతో, ఒకటి రెండు గీతల్లోనే గుర్తుపట్టేలా ఉన్నాయి. వాటి పక్కనే ఈ కాలపు కుర్రాళ్ళు చెక్కుకున్న పేర్లు కూడా ఉన్నాయని చెప్పక తప్పదు.

ఏం తినేవాళ్ళన్న సంగతి మరింత దగ్గరగా తెలిసింది. తవ్విన మట్టిని తొట్టిలో నీళ్ళలో వేసి కలిపితే మన్ను అడుక్కు పోతుంది, ఎప్పుడో పొయ్యి దగ్గర మాడిన గింజలు తేలతాయి. వాటిని వడకట్టి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద గుర్తుపడతారు. అలా ఈ ఊళ్ళలో ప్రధానంగా దొరికినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్ర జాతికే చెందిన మరో గడ్డిగింజ. గోధుమ, యవలు తర్వాత కొద్దికొద్దిగా వచ్చాయి. చిక్కుడు, కంది కూడా ఆ తర్వాతివే. మొదటి నాలుగూ ఈ గడ్డ మీద వానకు పండేవే. అంటే వీళ్ళు ఎక్కడి నుంచో గోధుమల మూట నెత్తిన పెట్టుకొచ్చి సేద్యం మొదలుపెట్టినవాళ్ళు కాదు, చుట్టూ ఉన్న గడ్డినీ తీగనూ పంటగా మలుచుకున్నవాళ్ళు. ఆ అండుకొర్రలే ఇప్పుడు హైదరాబాదు దుకాణాల్లో సిరిధాన్యమన్న పేరుతో సోనామసూరి కన్నా ఎక్కువ ధర పలుకుతున్నాయి. ఉలవచారు సంగతి నేను చెప్పనక్కరలేదు.

పిల్లల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. కర్ణాటకలోని బ్రహ్మగిరి మొదలుకొని ఈ సంస్కృతికి చెందిన చాలా ఊళ్ళలో చనిపోయిన పసికందులను కుండలో పెట్టి, ఇళ్ళ దగ్గరే, ఒక్కోసారి ఇంటి నేల కిందే పూడ్చారు. శ్మశానం అంటూ ఊరి బయట వేరే లేదు. ఆ కుండ ఉన్న నేల మీదే వండుకున్నారు, పడుకున్నారు. ఇది తెలిశాక, కింద ఏముందో చూడకుండా కొండను తొలిచే యంత్రం గురించి మామూలుగా మాట్లాడడం నాకు కష్టమైంది.

ఆ యంత్రం ఊహ కాదు. రోడ్లకు కంకర, గచ్చులకు గ్రానైటు కావాలి. బళ్ళారి చుట్టూ రాయికి కొదవ లేదు. ఈ శతాబ్దం మొదట్లో కప్పగల్లు బొమ్మలున్న కొండనూ, మోగే రాళ్ళున్న చోటునూ క్వారీలు కొరుక్కుతింటున్నాయని పరిశోధకులు బహిరంగంగా మొరపెట్టుకున్నారు. తెగిన పక్కలు ఇప్పటికీ కనబడతాయి. బూడిద దిబ్బల కథ ఇంకొక రకం. వాటిని చేలకు ఎరువుగా బండ్లకెత్తుకుపోయారు, దారులు వెయ్యడానికి కోశారు. పాత ఊళ్ళు కూలి మిగిలిన పాటిదిబ్బల మన్నును ఎరువుగా తోలుకోవడం తెలుగు రైతుకు తాతల నాటి అలవాటు, ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. ఆ మన్నులో ఏముందో వాళ్ళకు చెప్పినవాడు లేడు.

ఇక్కడే చట్టం కొలత పనికిరాకుండా పోతుంది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి, పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని ఆవల మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. గుడికి, కోటకు, స్తూపానికి ఇది చక్కగా సరిపోతుంది, మధ్యలో ఒక వస్తువుంది కనుక. సంగనకల్లు, కప్పగల్లు ఊరి జాడలు సుమారు వెయ్యి ఎకరాల్లో పరుచుకుని ఉన్నాయి. దిమ్మ విరిచిన చోటు ఒక కొండ మీద, నూరిన గాడి దాని వాలులో, ఇల్లు మరో గుడ్డ మీద, దొడ్డి ఇంకో చోట, బొమ్మలు పైన. ఇందులో ఏది కట్టడం? దేని చుట్టూ 100 మీటర్లు కొలవాలి? బొమ్మలున్న బండకు కంచె వేసి, గొడ్డళ్ళకు రాయి ఇచ్చిన నల్లరాతి చాలును వేలం వేస్తే, కార్ఖానా గుమ్మం ఉంచి కార్ఖానాను అమ్మినట్టు. మొత్తం భూభాగాన్ని ఒకే యూనిట్‌గా గుర్తించి, అందులో క్వారీ లీజులివ్వకుండా ముందే రెవెన్యూ పటంలో గీత గీయడం తప్ప నాకు వేరే దారి కనబడదు. తారు రోడ్డు, సిమెంటు గుడిసెలు, ఎద్దు బొమ్మ పక్కన సెల్ఫీ వేదిక వంటివి వద్దు. ఆ డబ్బుతో కొండ కింద ఇద్దరు స్థానికులను కాపలాకూ, చూపించడానికీ పెట్టుకోవచ్చు. నాకు మోగే రాళ్ళు చూపించిన పెద్దాయన కన్నా మంచి గైడు ఎక్కడ దొరుకుతాడు?

క్వారీలో కూలి దొరికేవాడి మాటేమిటి అని అడుగుతారు. నేనూ అడుగుతాను. పొలం లేనివాడికి వేల ఏళ్ళ నాటి గాడి అన్నం పెట్టదు. మ్యూజియం ఉద్యోగాలు వందల మందికి సరిపోవు. అయితే, ఈ జిల్లాలో గ్రానైటు లేని కొండ ఏది? వందల కొండల్లో నాలుగు కొండలను వదలమంటే కూలివాడి పొట్ట కొట్టినట్టు కాదు, లీజుదారుడికి ఇంకో కొండ చూపించినట్టు. రవాణా ఖర్చు తగ్గుతుందని ఊరికి దగ్గరి కొండనే కోరుకునేది లీజుదారుడు. ఆ ఖర్చును చరిత్ర ఎందుకు భరించాలి?

ఇది కర్ణాటక గొడవ, మనకెందుకని కొందరు మిత్రులు అన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకు వచ్చాయి. బూడిద దిబ్బలకు ఆ గీత తెలియదు. అనంతపురం జిల్లాలో పాల్వాయి దిబ్బను 1960ల్లో పురావస్తు శాస్త్రవేత్త రామిరెడ్డి తవ్వారు, పాలమూరులో ఉట్నూరు ఉంది. ఇప్పుడు మూడు రాష్ట్రాల పురావస్తు శాఖల దగ్గర తలా ఒక ముక్క ఉంది, మొత్తం ఎవరి చేతిలోనూ లేదు. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో నవీన శిలాయుగపు మనుషులు నివాసాలకు తవ్వుకున్న గుంతలు కూడా బయటపడ్డాయి. జలాశయం నిండకముందు ఇక్ష్వాకుల నాటి కట్టడాలను కొండ మీదికి తరలించి నిలబెట్టారు, అది మెచ్చుకోవలసిన పని. నేలలో తవ్విన గుంతను ఎత్తి ఎక్కడికి తీసుకుపోతారు? అది నీళ్ళ కింద ఉంది. వీళ్ళు మాట్లాడింది తెలుగా, కన్నడమా, రెండింటికీ తల్లా అన్న వాదం కూడా ఈ మిత్రుల్లోనే ఎక్కువ. మూల ద్రావిడ భాషకూ ఈ పశుపాలకులకూ ముడిపెట్టిన పండితులున్నారు, అది ఆసక్తికరమైన ఊహే. రాళ్ళు మోగుతాయి గాని మాట్లాడవు కనుక దాని మీద నేను పందెం కాయను.

వెళ్ళదలచినవాళ్ళు ముందు బళ్ళారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేర ఉన్న సంగనకల్లు పురావస్తు మ్యూజియం చూడండి. గొడ్డలి ఏ దశలో ఎలా ఉంటుందో అక్కడ చూస్తేనే కొండ మీద కాలికింద పడ్డది రాయో పెచ్చో తెలుస్తుంది. పెచ్చులు చేతిలోకి తీసుకుని చూసినా, ఉన్నచోటే పెట్టెయ్యండి. ఏ పెచ్చు ఏ దిమ్మ నుంచి రాలిందో జతచేసి చూసి గొడ్డలి తయారీ క్రమాన్ని రాబడతారు, మన జేబులోకి వచ్చినది ఆ లెక్కలోంచి పోతుంది. మోగే రాళ్ళను ఊరికే కొట్టకండి, ఒక్కసారి వింటే చాలు. బొమ్మలు పొద్దున్నే ఏటవాలు ఎండలో బాగా కనబడతాయి, మధ్యాహ్నానికి బండలో కలిసిపోతాయి. డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. పైన నీడ తక్కువ, నీళ్ళు దొరకవు.